‘ఇక్కడ బాగానే ఉందే!’

పర్సుడీహ్‌లో మా పక్కింటి పిన్ని ఫోన్‌కు సాయంత్రమైతే పూనకం వచ్చేది. ఎవరూ తాకకుండానే తెర మీద అక్షరాలు పడిపోయేవి. మర్నాడు రిపేరు కొట్టుకు తీసుకెళ్తే ఏ గొడవా లేదు. "ఠీక్ తో హై, ఆంటీ" (బాగానే ఉందిగా) అంటూ కొట్టు కుర్రాడు తిరిగి చేతిలో పెట్టేవాడు. రెండుసార్లు తిరిగాక పిన్ని గోడ మీది తెలుగు క్యాలెండర్ అందుకుంది. తేదీ గడిలో పెన్సిల్‌తో రాయడం మొదలుపెట్టింది: ఎన్నింటికి, ఏం చేస్తుండగా, ఛార్జర్ పెట్టి ఉందా లేదా. వారం తిరిగేసరికి గుట్టు తెలిసింది. టాటానగర్ స్టేషన్ బయట కొన్న చవక ఛార్జర్ తగిలించినప్పుడే తెరకు పిచ్చెక్కుతోంది. కొట్టుకేమో ఫోన్ ఒక్కటే వెళ్లేది.

పిన్నికి తెలియదు గానీ, అడిగినప్పుడు కనపడని తప్పును పట్టే పాత విద్య అదే. 1947 సెప్టెంబర్ 9న హార్వర్డ్ మార్క్-2 కంప్యూటర్ మొరాయిస్తే, ఎఫ్ ప్యానెల్‌లోని 70వ రిలేలో ఒక చిమ్మట పురుగు దొరికింది. పనివాళ్లు దాన్ని దులిపి పారేయలేదు. లాగ్‌బుక్‌లో టేపుతో అంటించి, పక్కన వేళ కూడా వేశారు. యంత్రంలో లోపాన్ని ‘బగ్’ (పురుగు) అనడం అంతకుముందే ఉంది. ఆ పేజీ విలువ పేరులో లేదు, సాక్ష్యాన్ని భద్రపరచడంలో ఉంది.

మన అక్షరమే ఇలాంటి తప్పుకు చిరునామా అయిన సందర్భం ఒకటుంది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అనే తెలుగు అక్షరం వస్తే ఐఫోన్లు కుప్పకూలుతున్నాయని ప్రపంచమంతా వార్తయింది. తెలుగువాళ్లు ‘జ్ఞానం’ అని కొట్టి చూస్తే ఏమీ కాలేదు. అలాగని వార్త అబద్ధమూ కాదు. కూల్చేసిన ‘జ్ఞా’లో ఞకూ దీర్ఘానికీ మధ్య కంటికి కనపడని గుర్తు ఒకటి ఇరుక్కుని ఉంది. అక్షరాలు కలిసిపోకుండా ఆపే గుర్తు అది. ‘సాఫ్ట్‌వేర్’ అని రాసినప్పుడు ట కింద వ వత్తు పడకుండా చూసేదీ అదే. అయితే దీర్ఘానికి ముందు దానికి చోటు లేదు. కోడ్ గుర్తులను ఒక్కొక్కటిగా విప్పి చూసినవాళ్లు దేవనాగరి, బెంగాలీ లిపుల్లోనూ అలాంటి కూర్పులే ఫోన్‌ను కూలుస్తున్నాయని తేల్చారు. తప్పు తెలుగుది కాదు, అక్షరాలను తెర మీద పేర్చే ఆపిల్ కోడ్‌ది. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6తో సరిచేశారు.

ఈ విద్యలో మెళకువలు కొన్నే. మొదటిది, కంగారుగా ఆపి మళ్లీ ఆన్ చేయకపోవడం. అలా చేస్తే అడుగుజాడలు చెరిగిపోతాయి. రెండోది, మూడు ముక్కలు విడివిడిగా రాయడం: నేనేం చేశాను, ఏం జరగాలి, ఏం జరిగింది. కళ్లారా చూసిందీ, మనం ఊహించిందీ కలిపేయకూడదు. వెర్షన్ నంబరు, వేళ, ఇరవై సార్లు చేస్తే ఎన్నిసార్లు వచ్చిందన్న లెక్క కావాలి. ఉక్కు కార్ఖానాలో షిఫ్ట్ దిగేవాడు ఎక్కేవాడికి రాసిచ్చే రిజిస్టర్ లాంటిదే ఇది: చదివేవాడు అక్కడ లేకపోయినా అర్థం కావాలి.

ఆ తర్వాత వడపోత. వంద పదాల సందేశం ఫోన్‌ను కూలుస్తుంటే, సగం తీసేసి చూడాలి. ఇంకా కూలితే మిగిలినదాంట్లో, కూలకపోతే తీసేసినదాంట్లో సగం తీయాలి. దోషం ఒక్క పదంలోనే ఉంటే ఏడు విడతల్లో దొరుకుతుంది. ఒక విడతకు ఒక్కటే మార్చాలి. రెండు మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

కొన్ని బగ్‌లు చూడబోతేనే మాయమవుతాయి. పరీక్ష కోసం చేర్చిన అదనపు కోడ్ వల్ల వేగం మారి తప్పు దాక్కుంటుంది. వీటిని ‘హైసెన్‌బగ్’ అంటారు.

ఈ ఓపిక విలువ చెప్పడానికి థెరాక్-25 చాలు. 1985-87 మధ్య ఈ రేడియేషన్ చికిత్స యంత్రం ఆరుగురికి అతి మోతాదు కొట్టింది. కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1986 మార్చిలో అమెరికాలోని టైలర్ పట్టణంలో ప్రమాదం జరిగాక, తయారీదారుల ఇంజనీర్లు వచ్చి చూసినా తప్పు మళ్లీ రాలేదు. ఏప్రిల్‌లో మరో ప్రమాదం. అప్పుడు ఆసుపత్రి భౌతికశాస్త్రవేత్త, యంత్రం నడిపే ఆపరేటర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, ఆమె ఏ మీట తర్వాత ఏది నొక్కిందో పదే పదే చేసి చూశాడు. చెయ్యి తిరిగిన ఆపరేటర్ ఎనిమిది సెకన్లలోపే వివరాలు దిద్దేస్తే యంత్రం దారి తప్పుతోందని తేలింది. నెమ్మదిగా కొట్టి చూసేవాళ్లకు అది ఎన్నటికీ కనపడేది కాదు.

‘ఇక్కడ బాగానే ఉందే’ అన్నది జవాబు కాదు. అక్కడికీ ఇక్కడికీ తేడా ఏమిటని అడగాల్సిన చోటు అది. ఈసారి ఏ యాప్ మొరాయించినా ముందు తెర ఫొటో తీయండి, వేళ రాసుకోండి. కొట్టుకు వెళ్లేటప్పుడు ఛార్జర్ కూడా పట్టుకెళ్లండి.