మెరుపు బయటికి, కళాయి లోపలికి

కోనసీమలోని కొత్తపేట వైపు పాత ఇళ్లలో అటకెక్కిన ఇత్తడి గంగాళాలు, బిందెలు, సిబ్బిరేకులు ఇప్పటికీ కనిపిస్తాయి. గోదావరి పాయ వశిష్ఠ దాటితే పేరవలి మండలంలో ఇత్తడి పనికి పేరుపడ్డ అజ్జరం ఉంది కాబట్టి ఈ సామాను ఇక్కడివాళ్లకు కొత్త కాదు. రెండు పాయల మధ్య, సముద్రానికి దగ్గరగా ఉన్న నేల కావడంతో గాలిలో తేమ ఎప్పుడూ ఉంటుంది. ఆ తేమకు ఇత్తడి నల్లబడుతుంది, అంచుల్లో పచ్చటి చిలుము పడుతుంది. పండగ ముందు చింతపండు, ఉప్పు, కొబ్బరిపీచుతో తోమితే బంగారంలా మెరుస్తుంది. ఆ మెరుపు చూసి పాత్ర బాగుపడిందనుకుంటాం. ఇత్తడిని కాపాడేది ఆ తోముడు కాదు, లోపలి తగరపు పూత, అంటే కళాయి. మన సంప్రదాయంలో అసలు విలువైన పని అదే.

చింతపండులోని టార్టారిక్ ఆమ్లం లోహం మీది మురికిపొరను కరిగిస్తుంది, పీచు ఆ కరిగినదాన్ని ఎత్తేస్తుంది. అయితే పొర పోయాక పులుపు ఊరుకోదు, లోహాన్నీ కాస్త తింటుంది. అందుకే తోమిన పాత్రను వెంటనే కడిగి పొడిగుడ్డతో తుడవాలి. ఇప్పుడు అదే పాత్రలో పులుసు కాచడాన్ని ఊహించండి. బయట చిలుము వదిలించిన పులుపే లోపల ఇత్తడిలోని రాగిని కరిగించి పులుసులోకి దించుతుంది. పులుసు, చారు, మజ్జిగ మన ఇంట రోజూ ఉండేవే. ఇంత పులుపు తినే జనం ఇత్తడిలో వండుకోగలిగారంటే, లోహానికీ వంటకీ మధ్య తగరపు తెర ఉండడం వల్లనే.

ఆ తెర వేయడంలో గొప్ప నేర్పు ఉంది. మొదట పాత్ర లోపలంతా గీకి, లోహం తేటగా కనిపించేదాకా శుభ్రం చేస్తారు. తిత్తి ఊదిన బొగ్గుల మీద కాచి, నవసాగరం చల్లుతారు. తెల్లని పొగ లేస్తుంది. వేడికి నవసాగరం విడిపోయి పుట్టే ఆమ్లవాయువు మిగిలిన మైలను తినేస్తుంది. తగరం 232 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది. అందుకే కడ్డీని అలా తాకించగానే బొట్లుగా జారుతుంది. దాన్ని దూది ఉండతో ఒక్క ఊపులో లోపలంతా పులుముతారు. వేడి తక్కువైతే తగరం అతకదు, ఎక్కువైతే మాడుతుంది. సరిగ్గా కుదిరితే తగరం రాగితో కలిసి, రెండింటి మధ్య కొత్త మిశ్రమపు పొర ఏర్పడుతుంది. కళాయి రంగులా పెచ్చులూడకుండా పట్టుకోవడానికి కారణం ఇదే.

ఈ జాగ్రత్త మనకే తెలిసింది కాదు. తగరం పూస్తే రాగి పాత్రకు చిలుము పట్టదని, రుచి బాగుంటుందని క్రీ.శ. 1వ శతాబ్దంలోనే రోమన్ రచయిత ప్లినీ రాశాడు. ఇత్తడి, రాగి పాత్రల్లోని పాలలోకి దిగే రాగి మన దేశంలో పసిపిల్లల కాలేయ జబ్బుకు కారణం కావచ్చని 1983లో లాన్సెట్ పత్రికలో వచ్చిన పరిశోధన సూచించింది. సరిగా కళాయి లేని రాగి, ఇత్తడి పాత్రలను ఆహారానికి వాడరాదని 1955 నాటి కల్తీ నిరోధక నియమాలూ, 2011 నాటి ఆహార భద్రత నిబంధనలూ చెప్పాయి. వంటింటి పెద్దలు అలవాటుగా పాటించినదే చట్టంలోకీ ఎక్కింది.

స్టీలు ఉండగా ఈ శ్రమ ఎందుకని అడగవచ్చు. రోజువారీ వంటకు స్టీలు మంచిదే, కాదనను. కానీ ఇంట్లో ఉన్న ఇత్తడిని పాతసామానుకు వేయకుండా మరో తరం వాడుకోవచ్చు. వేడిని స్టీలుకంటే చాలా సమంగా పంచే లోహమది. రాగిచెంబులో నీళ్లు మంచివంటారు కదా, కళాయి ఎందుకన్నది మరో ప్రశ్న. మంచినీరు వేరు, పులుపూ పాలూ వేరు. నీటిలో సైతం లీటరుకు 2 మిల్లీగ్రాములకు మించి రాగి ఉండరాదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు. అన్నిటికంటే బరువైన అభ్యంతరం సీసం. తగరం ఖరీదైనది గనుక సీసం కలిపే ఆశ ఉంటుంది, అది విషం. దానికి మందు కళాయి మానడం కాదు, శుద్ధ తగరం అడిగి, దాని ధర ఇచ్చి, ఎదుట వేయించుకోవడం. కళాయి అరుగుతుందన్నదీ నిజమే. ఒట్టి పాత్రను పొయ్యి మీద ఉంచకుండా, ఇసుకతో రుద్దకుండా, చెక్క తెడ్డు వాడితే ఎక్కువకాలం నిలుస్తుంది.

ఈ పాఠం వంటింటి గడప దాటి కూడా పనికొస్తుంది. కారు అల్లాయ్ వీల్స్ మీద పూత లేచినచోట ఉప్పుగాలి దూరి అల్యూమినియం తెల్లగా పూస్తుంది. ఇంటి దగ్గరే 400 నుంచి 2000 నంబరు దాకా వాటర్ పేపర్‌తో రుద్ది, ఆపై పాలిష్ పట్టి అద్దంలా మెరిపించవచ్చు. పైన మళ్లీ క్లియర్ కోట్ వేయకపోతే ఆ మెరుపు మాసిపోతుంది. ఇత్తడైనా అల్యూమినియమైనా రుద్దడంతో సగం పనే అవుతుంది, పూతతోనే అది పూర్తవుతుంది. ఈసారి గంగాళం అటక దించినప్పుడు బయట తోమేముందు లోపలికి తొంగిచూడండి. వెండిలాంటి తెలుపు చెదిరి అడుగున పసుపో ఎరుపో కనిపిస్తే, ముందు కళాయి వేయించండి. చింతపండు తర్వాత.