కుర్చీ దగ్గరికే వచ్చిన వైద్యం

రక్తపోటు పెరిగిందని చాలామందికి ఒంట్లో తెలియదు. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు, పని ఆగదు. ఏ బాధా లేని మనిషిని డాక్టరు దాకా రప్పించి, మాత్ర మొదలుపెట్టించి, ఏళ్ల తరబడి మానకుండా వేసుకునేలా చూడడం వైద్యంలో కష్టమైన పనుల్లో ఒకటి. అమెరికాలో నల్లజాతి మగవాళ్ల విషయంలో అది మరీ కష్టం. వాళ్లలో బీపీ ఎక్కువ, పైగా చిన్న వయసులోనే మొదలవుతుంది. ఆస్పత్రి గడప తొక్కడం మాత్రం తక్కువ. అక్కడి వైద్య వ్యవస్థ తరతరాలుగా వాళ్లతో నడుచుకున్న తీరు తెలిసినవాళ్లకు ఆ దూరానికి కారణం వేరే చెప్పక్కర్లేదు.

అయితే వాళ్లు మానకుండా వెళ్లే చోటు ఒకటుంది. అది సెలూన్. రెండు మూడు వారాలకోసారి అదే కుర్చీ, అదే బార్బర్, ఏళ్లనాటి స్నేహం. గుండె వైద్యుడు రోనాల్డ్ విక్టర్ ఈ స్నేహాన్ని వైద్యానికి పనికొచ్చేలా మలిచారు. మొదట డాలస్‌లో 17 సెలూన్లతో చేసిన ప్రయోగం ఫలితాలు 2011లో వచ్చాయి. బార్బర్ జుట్టు కత్తిరిస్తూ బీపీ చూసేవాడు, ఎక్కువుంటే డాక్టరు దగ్గరికి పంపేవాడు. కొంత మేలు జరిగింది కానీ ఆశించినంత కాదు. కుర్చీ దిగిన మనిషి డాక్టరు గదికి చేరే దారిలోనే చాలా జారిపోయేది. అపాయింట్‌మెంట్ దొరకాలి, సెలవు పెట్టాలి, అంతా చేసి వెళ్లాక డాక్టరు మోతాదు పెంచాలి.

ఆ తర్వాత విక్టర్ లాస్ ఏంజెలెస్ కౌంటీలో, సీడర్స్ సైనాయ్ వైద్య కేంద్రం నుంచి చేసిన పనిలో ఆ దారినే తీసేశారు. ఫార్మసిస్టును సెలూన్‌కే తెచ్చారు.

ఇక్కడ ప్రతి అమరికా ఆలోచించి చేసిందే. ముందు మనిషిని ఎంచుకోవడం చూడండి. దారిన పోయేవాడు కాదు, కనీసం ఆరు నెలలుగా, ఆరు వారాలకు ఒక్కసారైనా ఆ సెలూన్‌కు వస్తున్నవాడై ఉండాలి. బీపీలో పై అంకె 140 లేదా అంతకు మించి ఉందని రెండు వేర్వేరు రోజుల్లో తేలాలి. ఒక్కరోజు కంగారుతో పెరిగిన బీపీని జబ్బుగా లెక్కవేయకుండా ఈ రెండో రోజు కాపాడుతుంది.

బార్బర్ బీపీ చూస్తాడు, నచ్చజెపుతాడు, ఫార్మసిస్టును పరిచయం చేస్తాడు. ఆ పరిచయమే సగం పని. తెల్లకోటు మనిషి చెబితే సందేహించేవాడు తన బార్బర్ మాటకు చెయ్యి చాపి పట్టీ కట్టించుకుంటాడు.

ఫార్మసిస్టు పని అక్కడ మొదలవుతుంది. రక్తపోటు చికిత్సలో ప్రత్యేక శిక్షణ పొందిన వీళ్లకు, డాక్టరుతో రాతపూర్వక ఒప్పందం ఉంటే మందు మొదలుపెట్టే, మోతాదు మార్చే వీలు కాలిఫోర్నియా చట్టం ఇస్తుంది. మందుల వరస ముందే ఖాయం. మొదట అమ్లోడిపిన్, దాంతోపాటు టెల్మిసార్టన్ లేదా ఇర్బిసార్టన్. బీపీ 130/80 కంటే దిగకపోతే ఇండపమైడ్. మొదటి రెండూ మన ఊళ్లలో ఏ మెడికల్ షాపులో అడిగినా దొరికే మాత్రలే. ఈ వరసను నేను ఎంతో మెచ్చుకుంటాను. ఒకసారి వేసుకుంటే రోజంతా పనిచేసే మందులనే ఏరారు. మాత్ర వేళ కాస్త అటూ ఇటూ అయినా పట్టు సడలదు. చికిత్స మనిషి జీవితానికి సర్దుకోవాలన్న ఆలోచన మందు ఎంపికలోనే ఉంది.

వాళ్ల దగ్గర చేతిలో ఇమిడే రక్త పరీక్ష పరికరం ఒకటి ఉండేది. ఈ మందుల్లో కొన్ని పొటాషియాన్ని, కిడ్నీల పనితీరును మారుస్తాయి. అందుకని ఆ అంకెలను సెలూన్‌లోనే, అప్పటికప్పుడే చూసుకునేవారు. ల్యాబ్‌కు వెళ్లమని చెప్పి పంపితే డాలస్‌లో తెగిన చోటే మళ్లీ తెగేది. మందుల ఖర్చుకు, మందుల షాపుకు వెళ్లిరావడానికి అక్కరకొస్తుందని ఫార్మసిస్టును కలిసిన ప్రతిసారీ 25 డాలర్లు ఇచ్చారు. జరిగినదంతా రాసి ఆ మనిషి సొంత డాక్టరుకు పంపారు. డాక్టరును తప్పించలేదు, ఆయన కోసం పడే ఎదురుచూపును తప్పించారు.

పోల్చి చూసిన తీరు కూడా అంతే నిజాయితీగా ఉంది. మొత్తం 52 సెలూన్లు, 319 మంది. ఎవరికి ఏ చికిత్స అన్నది మనిషిని బట్టి కాక సెలూన్‌ను బట్టి చీటీ వేసి తేల్చారు. ఒకే గదిలో ఒకరికి ఫార్మసిస్టు, పక్క కుర్చీలో ఇంకొకరికి ఉత్త సలహా అంటే కుదరదు కదా. రెండో గుంపును గాలికి వదిలేయలేదు. వాళ్ల బార్బర్లు ఆహారం, అలవాట్ల గురించి చెప్పి, డాక్టరును కలవమని ప్రోత్సహించారు. తేడా వస్తే అది బార్బర్ మాట వల్ల కాదు, ఫార్మసిస్టు రాక వల్లేనని తేలాలంటే ఇలాగే చెయ్యాలి.

2018 మార్చిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఫలితాలు వచ్చాయి. ఆరు నెలల్లో ఫార్మసిస్టు వచ్చిన సెలూన్లలో పై అంకె సగటున 27 పాయింట్లు తగ్గి 125.8కి దిగింది. రెండో గుంపులో తగ్గినవి 9.3 పాయింట్లే. లక్ష్యంగా పెట్టుకున్న 130/80 కంటే కిందికి చేరినవాళ్లు మొదటి గుంపులో 63.6 శాతం, రెండో గుంపులో 11.7 శాతం. ఒక్క కొత్త మందు కూడా కనిపెట్టకుండా వచ్చిన తేడా ఇది. నన్ను ఆపి చదివించిన అంకె మరొకటి ఉంది. చివరి దాకా నిలిచినవాళ్లు 95 శాతం. ఆస్పత్రికి రారని పేరుపడ్డ మనుషులు వీళ్లు.

మొదటి గుంపులో ముగ్గురికి కిడ్నీల పనితీరు ఉన్నట్టుండి దెబ్బతింది. ఇండపమైడ్ ఆపగానే కోలుకున్నారు. మందును బలంగా వాడేచోట పరీక్ష కూడా దగ్గరే ఉండాలనడానికి ఈ ముగ్గురే సాక్ష్యం.

విక్టర్ 2018 సెప్టెంబరులో కన్నుమూశారు. ప్రయోగానికి ఏడాది నిండాక చూసిన ఫలితాలను ఆ తర్వాత ఆయన బృందం బయటపెట్టింది. రెండో ఆరు నెలల్లో ఫార్మసిస్టు రావడం తగ్గించినా అంకెలు పెరగలేదు, తగ్గుదల 28.6 దగ్గర నిలిచింది. ఇక మిగిలిన చిక్కు లాస్ ఏంజెలెస్ రోడ్లు. సెలూన్ నుంచి సెలూన్‌కు కారులో తిరగడానికే ఫార్మసిస్టుల సమయం బోలెడు పోయేది. అందుకని తర్వాత కొద్దిమందితో ఇంకో పద్ధతి పరీక్షించారు. ముఖాముఖి పరిచయమయ్యాక మిగతా సంప్రదింపులు వీడియోలో.