పెట్టె ఒకరిది, ఆట ఒకరిది

మొన్న వేసవి సెలవుల్లో పెనుబల్లి వెళ్ళాను. పుట్టింటికి వెళ్ళేది నాలుగు రోజులు కాళ్ళు చాపుకుని కూర్చోవడానికీ, వదిన చేతి మామిడికాయ పప్పు తినడానికీ కదా! నేనూ అలా అనుకునే వెళ్ళాను. వెళ్ళిన సాయంత్రమే మేనల్లుడు నన్ను వసారాలోకి లాక్కెళ్ళి, గొంతు తగ్గించి, "అత్తా, నాన్నకి నువ్వే చెప్పాలి" అన్నాడు.

ఏమిట్రా అంటే వీడియో గేమ్ కావాలట. ప్లేస్టేషన్ కొనాలా, ఎక్స్‌బాక్స్ కొనాలా అన్నది మాత్రం ఇంకా తేల్చుకోలేదట. 2021 ఫిబ్రవరిలో ప్లేస్టేషన్ 5 మన దేశానికి వచ్చినప్పుడే దాని ఖరీదు 49,990 రూపాయలు. ఒక్కో కొత్త ఆట మళ్ళీ అయిదువేల దాకా. అంత డబ్బు పోసేటప్పుడు ఏది ఎక్కువకాలం మన్నుతుందో అదే కొనుక్కోమన్నాను, మిక్సీ సంగతి చెప్పినట్టు.

వాడు నన్ను జాలిగా చూశాడు. "మన్నిక కాదత్తా! ఏ ఆట దేంట్లో వస్తుందో చూసుకోవాలి. ఉత్త పెట్టెనేం చేసుకుంటాం?"

సీరియళ్ళు రాసుకు బతికేదాన్ని కదా, ఆ మాట నాకు సూటిగా తగిలింది. ఆలోచించి చూడండి. మా అమ్మ వారపత్రిక కొనేది ముఖచిత్రం చూసా? యద్దనపూడి సులోచనారాణి సీరియల్ వస్తోందంటే కొనేది. అది అయిపోయి, ఆవిడది ఇంకో పత్రికలో మొదలైందంటే ఈ పత్రిక మానేసి దాన్ని తెప్పించుకునేది. కాగితం పత్రికవాళ్ళది, మనసు లాగేది మాత్రం రచయిత్రి. ఆటల పెట్టెల వ్యాపారమూ అచ్చం ఇంతే. పెట్టె చేసేవాడొకడు, కొనేవాడొకడు, ఆట రాసిచ్చే బయటివాడు మూడోవాడు. ఈ మూడోవాణ్ణే 'థర్డ్ పార్టీ' అంటారట. ఈ యాభై ఏళ్ళలో ఏ పెట్టె నిలిచింది, ఏది మట్టి కొట్టుకుపోయింది అన్నది చాలావరకు ఈ మూడోవాడి చేతిలోనే వుంది. అంతటివాడికి దక్కిన మర్యాద ఎంతో చెబుదామనే ఈ నాలుగు ముక్కలూ.

ముందు మా ఇంటి సంగతి. 1992 ప్రాంతాల్లో మా అన్నయ్యకి నాన్న ఒక వీడియో గేమ్ కొనిపెట్టాడు. అప్పట్లో పెట్టెనీ 'వీడియో గేమ్' అనే అనేవాళ్ళం, అందులో ఆటనీ 'వీడియో గేమ్' అనే అనేవాళ్ళం. అసలుదానికి నకలు అది. లోపల 128 ఆటలున్నాయని అట్టపెట్టె మీద రాసుండేది. సగానికి సగం ఒకే ఆట రంగు మార్చుకుని వచ్చేది, అది వేరే విషయం. బ్లాక్ అండ్ వైట్ టీవీకి తగిలించి, బొమ్మ నిలబడేదాకా వెనకాల బిరడా తిప్పేవాళ్ళం. తిప్పేది నేను, ఆడేది అన్నయ్య. వాడి మూడు ప్రాణాలూ పోయాక, అప్పటికి కరెంటు వుంటే, నా వంతు.

అందులో ఒక విమానం ఆట వుండేది. నది వెంట పైకి పోతూ వుండాలి. పడవలొస్తాయి, హెలికాప్టర్లొస్తాయి, వంతెనలొస్తాయి, అన్నిటినీ కాల్చాలి. మధ్యమధ్య పెట్రోలు బంకులొస్తాయి. వాటిని కాల్చినా మార్కులొస్తాయి, కాల్చకుండా పైనించి వెళితే పెట్రోలు నిండుతుంది. మా అన్నయ్య మార్కులకి ఆశపడి బంకుల్ని కూడా కాల్చేసేవాడు. కాసేపటికి పెట్రోలైపోయి నదిలో పడేవాడు. నేను బియ్యం డబ్బా అడుగు చూసుకుంటూ నెల గడిపే ఇంటి ఆడపిల్లని కదా, బంకు జోలికి పోయేదాన్ని కాదు. చాలాదూరం పోయేదాన్ని. వాడికి కోపమొచ్చి స్విచ్ తీసేసేవాడు.

ఆ ఆట పేరు 'రివర్ రెయిడ్' అనీ, 1982లో దాన్ని తయారుచేసింది కెరోల్ షా అనే ఒక స్త్రీ అనీ నాకు చాలా ఏళ్ళ తర్వాతగానీ తెలియలేదు. మా నకలు పెట్టెలో ఆమె పేరెక్కడుంటుంది? ఆమెకి దాని మీద పైసా ముట్టి వుంటుందా? ఏనాడో నేను చదివి కన్నీళ్ళు పెట్టుకున్న నవల రాసిందెవరో తెలియకుండానే బతికేసినట్టనిపించింది.

ఆమె పనిచేసిన కంపెనీ పుట్టుకే ఓ కథ. అమెరికాలో అటారీ వాళ్ళు 1977లో పెట్టె తెచ్చారు. దానికి ఆటలూ వాళ్ళే చేయించేవాళ్ళు. జీతాలిచ్చేవాళ్ళు గానీ ఆట రాసినవాళ్ళ పేరు మాత్రం ఎక్కడా వేసేవాళ్ళు కాదు. వారెన్ రాబినెట్ అనే ఆయన వుండబట్టలేక, 'అడ్వెంచర్' అనే తన ఆటలో ఎవరికీ కనబడని ఒక గది కట్టి, అందులో తన పేరు దాచిపెట్టుకున్నాడు. అది ఎప్పుడు చదివినా నాకు గుండె చివుక్కుమంటుంది. మన ఇళ్ళల్లో డైరీల్లో కథలు రాసుకుని బీరువాలో చీరల కింద దాచుకున్న ఆడవాళ్ళెందరు లేరు!

పేరూ, లాభంలో కాస్త వాటా అడిగి కాదనిపించుకున్న నలుగురు అటారీ నుంచి బయటికొచ్చి 1979లో యాక్టివిజన్ పెట్టారు. అటారీ పెట్టెకే ఆటలు రాశారు, అట్ట మీద రాసినవాళ్ళ పేరు వేశారు. అటారీ కోర్టుకెళ్ళింది. 1982లో రాజీ కుదిరింది, బయటివాళ్ళు ఆటలు చేసుకోవచ్చు, పెట్టెవాడికి కొంత సొమ్ము కట్టాలి అని. అదిగో, మూడోవాడు అలా పుట్టాడు.

తలుపు తెరిచేసరికి అయినవాడూ కానివాడూ దూరిపోయారు. దుకాణాల నిండా చెత్త ఆటలు. పెట్టెవాడే తక్కువ తిన్నాడా అంటే అదీ లేదు. సినిమా పేరు మీద అయిదారు వారాల్లో 'ఈ.టీ.' ఆట చుట్టేయించి, అమ్ముడుపోని సరుకుని 1983లో న్యూమెక్సికో ఎడారిలో పూడ్చిపెట్టింది అటారీ. 2014లో తవ్వి తీశారు కూడా. ఆ దెబ్బకి అమెరికాలో ఆ వ్యాపారమే కూలిపోయింది.

ఆ శిథిలాల మీదికి 1985లో జపాన్ నుంచి నింటెండో వచ్చింది. ఈసారి పెట్టెలోనే తాళం వేసుకుని వచ్చింది. తాళమంటే మాటవరసకి కాదు, నిజంగానే ఒక చిప్. వాళ్ళ అనుమతి లేని క్యాసెట్ పెడితే ఆడదు. బయటివాళ్ళకి పెట్టిన షరతులు వినండి. ఏడాదికి అయిదు ఆటలే ఇవ్వాలి. ఇచ్చిన ఆట రెండేళ్ళ దాకా ఇంకెవరి పెట్టెకీ ఇవ్వకూడదు. క్యాసెట్లు నింటెండో దగ్గరే తయారు చేయించుకోవాలి, డబ్బు ముందే కట్టాలి. నాకైతే ఎవరో సంపాదకుడు, "అమ్మా, ఇంకే పత్రికకీ రాయకూడదు, అచ్చు ఖర్చు కూడా మీదే" అన్నట్టుంది. చెత్త రాకుండా ఆగిందన్నది నిజమే. అక్కసూ పెరిగింది.

ఆ అక్కసు ఫలం తర్వాత తెలిసింది. 'ఫైనల్ ఫాంటసీ' అని నింటెండోకి ఏళ్ళ తరబడి వస్తున్న ఆటల వరస వుంది. ఏడోది క్యాసెట్‌లో పట్టనంత పెద్దదయింది. సోనీ వాళ్ళ పెట్టె సీడీలతో నడుస్తుంది. 1997లో ఆ ఆట సోనీ ప్లేస్టేషన్‌కి వెళ్ళిపోయింది, దాని వెనకే జనమూ వెళ్ళారు. సీరియల్ పత్రిక మారింది, అంతే! సేగా వాళ్ళది ఇంకా విషాదం. డ్రీమ్‌కాస్ట్ అనే చక్కటి పెట్టె చేశారు. పెద్ద కంపెనీ ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ దానికి ఒక్క ఆట కూడా ఇవ్వనంది. అదొక్కటే కారణమని అననుగానీ, 2001లో సేగా పెట్టెలు చేయడమే మానుకుంది.

ఇక మనవాళ్ళ సంగతికొస్తాను. 2009లో హైదరాబాదులో అరోనా టెక్నాలజీస్ అనే సంస్థ 'హనుమాన్: బాయ్ వారియర్' అనే ఆట చేసింది. పూర్తిగా భారతదేశంలో తయారై సోనీ ప్లేస్టేషన్ 2కి ఎక్కిన మొదటి ఆట అది. అదే ఏడు హైదరాబాదువాళ్ళదే, గేమ్‌శాస్త్ర సంస్థది, 'దేశీ అడ్డా' వచ్చింది. కబడ్డీ, బిళ్ళంగోడు, గాలిపటాలు! ఎంత ముచ్చట! నీలాద్రి గుట్ట జాతరకి వెళ్ళొచ్చే పిల్లలు వీధిలో ఆడుకునే ఆటలు సోనీ పెట్టెలోకి వెళ్ళాయన్నమాట.

హనుమంతుడి ఆట మీద అమెరికాలో రాజన్ జెడ్ అనే ఆయన అభ్యంతరం చెప్పారు, దేవుణ్ణి మీటలు నొక్కి ఆడించడమేమిటని. ఆ మాటతో నేను ఏకీభవించలేను. మన తోలుబొమ్మలాటలో కర్రపుల్లలు పట్టుకుని హనుమంతుణ్ణి సముద్రం దాటించినవాళ్ళు భక్తిలో ఎవరికి తీసిపోయారు? ఆట బాగుందా లేదా అని అడగాలి. బాగుందని ఆనాటి సమీక్షకులు చాలామంది అనలేదు. వాళ్ళ మాట కొట్టిపారెయ్యను. మనవాళ్ళని వెనకేసుకురావడం విమర్శ అనిపించుకోదు. అయితే ఒక్క సంగతి చూడండి. ప్లేస్టేషన్ 2 పుట్టింది 2000లో. 2006కే దాని తమ్ముడు ప్లేస్టేషన్ 3 వచ్చేశాడు. పదిహేను కోట్లకు పైగా అమ్ముడైన ఆ పెట్టె బయట దేశాల్లో పాతబడ్డాక గానీ మన రచయితలకి దాని తలుపు తెరుచుకోలేదు. 2013 వచ్చేసరికి దాని తయారీ ఆగిపోయింది. మొదటి నవల రాసిన పిల్లని పట్టుకుని, మూతపడబోయే పత్రికలో అచ్చేసి, ఆదరణ లేదేమని అడిగితే ఏం చెబుతుంది?

మొదటిది బాగుండకపోవచ్చు. రెండోది, మూడోది రాయనివ్వాలి కదా. నా మొదటి నవల ఇప్పుడు చదవమంటే నేనే చదవను.

ఆ తర్వాత పుణేలో నాడింగ్ హెడ్స్ అనే చిన్న సంస్థ 'రాజీ' అనే ఆట చేసింది. తప్పిపోయిన తమ్ముణ్ణి వెతుక్కుంటూ, దుర్గమ్మ ఇచ్చిన ఆయుధం పట్టుకుని రాక్షసుల మీదికి వెళ్ళే ఆడపిల్ల కథ. మా అబ్బాయి కంప్యూటర్లో ఆడి చూశాను. కోట గోడల మీద ఆ చిత్రాలూ, ఆ పిల్ల నడకా... చేతకాక పదిసార్లు కిందపడ్డా వదలబుద్ధి కాలేదు. కథ కాస్త తొందరగా ముగిసిందనిపించింది, చివర తృప్తి చాలలేదు. అయినా ఈ ఆటకి ఓటేస్తాను. దీనికీ పెట్టెల బాధ తప్పలేదు లెండి. 2020 ఆగస్టులో ముందుగా నింటెండో స్విచ్‌కే వచ్చింది, మిగతా పెట్టెలకి అక్టోబరులో. ఆ స్విచ్‌ని నింటెండో అప్పటికి మన దేశంలో అధికారికంగా అమ్మడమే లేదు! మన పిల్ల కథ మన పిల్లలకంటే ముందు పరాయివాళ్ళు చదివారు.

మేనల్లుడికి ఇదంతా చెప్పాను. వాడికి యాక్టివిజన్ తెలుసు, 'కాల్ ఆఫ్ డ్యూటీ' వాళ్ళదే కదా అన్నాడు. ఆ కంపెనీని 2023 అక్టోబరులో ఎక్స్‌బాక్స్ వాళ్ళ మైక్రోసాఫ్ట్ దాదాపు 6,900 కోట్ల డాలర్లకి కొనేసిందనీ వాడే చెప్పాడు. ఆ ఆట తమకి దక్కదేమోనని సోనీ గగ్గోలు పెడితే, పదేళ్ళపాటు ఇస్తామని ఒప్పందం రాసుకున్నారట. పేరు కోసం పెట్టెవాడింట్లోంచి బయటికొచ్చిన నలుగురి కంపెనీ తిరిగి తిరిగి మళ్ళీ ఒక పెట్టెవాడి ఇంటికే చేరింది.

"ఇంతకీ ఏది కొనమంటావత్తా?"

"నీకు కావలసిన ఆటలు ఓ కాగితం మీద రాయి. ఎవరు రాశారో కూడా పక్కన రాయి. అప్పుడు మీ నాన్నతో మాట్లాడతాను" అన్నాను.

వాడు నిజంగానే రాసుకొచ్చాడు. అన్నయ్య ఆ కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "దసరాకి చూద్దాంలే" అన్నాడు. ఆ రాత్రి మేనల్లుడి కంప్యూటర్లో మా పాత విమానం ఆట వెతికి తీశాం. అన్నయ్య కూడా వచ్చి వెనకాల నిలబడ్డాడు. మొదట మేనల్లుడు ఆడాడు. రెండు నిమిషాల్లో నదిలో పడ్డాడు.

"బంకులన్నీ కాల్చేశావేంరా?" అన్నాను.

వంటింట్లోంచి వదిన అంది, "ఇంకెవరి కొడుకు!"