దండెం మీది బట్టలు

అచ్చుబొమ్మలకు వాడే లినో బ్లాకు మీద అన్నిటికంటే కష్టం తాడు చెక్కడం. చెక్కిన చోట కాగితం తెల్లగా మిగులుతుంది, చెక్కకుండా వదిలిన చోటే ఇంకు పడుతుంది. కాబట్టి దండెం తాడు కావాలంటే తాడును ముట్టుకోకూడదు. దానికి పైనా కిందా ఉన్న లినోనంతా తవ్వి తీసేసి, సన్నటి గట్టును నిలబెట్టాలి. ఉలి కాస్త పక్కకు జారిందా, గట్టు తెగుతుంది. అతికించి అచ్చు వేస్తే ఆ అతుకు ప్రతి కాగితం మీదా కనిపిస్తుంది. అందుకని ముందు సన్న మొన ఉలితో తాడుకు రెండు పక్కలా గాటు పెట్టుకుని, ఆ తర్వాతే వెడల్పు ఉలి పడతాను. చలికాలంలో లినో బిగుసుకుపోతుంది. కాసేపు ఎండలో పెడితే మళ్ళీ మాట వింటుంది.

ఈ మధ్య నేను చెక్కింది ఒక హాస్టల్ గది. ఇనప మంచం, ప్లాస్టిక్ బకెట్, అందులో మగ్గు, కిటికీ ఊచ నుంచి గోడ మేకు దాకా కట్టిన దండెం. దండెం మీద ఒక జీన్స్ ప్యాంటు, తువ్వాలు, చున్నీ, గళ్ళ లుంగీ. బొమ్మలో మనిషి లేదు. ఆ బట్టలన్నీ ఒకరివే.

ఈ బొమ్మ అమ్మగా వచ్చే డబ్బు హైదరాబాద్‌లో తార్నాక చుట్టుపక్కల చదువుకుంటున్న క్వీర్, ట్రాన్స్ విద్యార్థుల కోసం. వాళ్ళకు డబ్బెందుకు అని అడిగేవాళ్ళు ఇంకా ఉన్నారు. విషయం ఇంట్లో తెలిశాక తిట్లూ ఏడుపులూ ఎలాగూ ఉంటాయి. వాటికంటే ముందు ఆగిపోయేది నెలనెలా వచ్చే డబ్బు. మెస్ బిల్లు నిలిచిపోతుంది, పరీక్ష ఫీజు గడువు దాటుతుంది, సెలవులకు వెళ్ళడానికి ఇల్లుండదు. ఉస్మానియాలోనో ఇఫ్లూలోనో సీటు తెచ్చుకుని జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు లాలాపేట, మాణికేశ్వరి నగర్, హబ్సిగూడ గల్లీల్లో గదులు పంచుకుని ఉంటారు. గది చూడబోతే ఓనరు ముందు ఊరడుగుతాడు, తర్వాత కులమడుగుతాడు, ఆ తర్వాత మనిషిని పైనుంచి కిందికి చూస్తాడు. ఆ చూపు దగ్గరే గది చేజారిపోయే పిల్లలున్నారు. హాస్టలుకు పోదామంటే అక్కడ రెండే జాబితాలు, ఆడపిల్లలది, మగపిల్లలది. ఏ జాబితాలో పేరు రాసినా రోజూ బాత్‌రూమ్ దగ్గర భయమే. శామీర్‌పేటలోని నల్సార్ 2022లో తన హాస్టల్లో ఒక అంతస్తును జెండర్ పట్టింపు లేని గదులకు కేటాయించింది. అలాంటి అంతస్తు ప్రతి క్యాంపస్‌లో రావాలి. వచ్చేదాకా ఎవరో ఒకరు రెండు నెలల అడ్వాన్సు సర్దాలి కదా.

ఆ సర్దే పని క్యాంపస్‌లో ఆ పిల్లల స్నేహితులే నెత్తికెత్తుకున్నారు. వాళ్ళు మా ఇంటికొచ్చి, ‘మేడమ్, మీ దగ్గర మిగిలిపోయిన బొమ్మలేమన్నా ఉంటే ఇస్తరా, అమ్ముకుంటం’ అన్నారు. మర్యాదకే అలా అడిగారని తెలుసు. అయినా మిగిలిపోయినవి ఇవ్వనన్నాను. ఆర్టిస్టుల ఇళ్ళల్లో మంచం కింద ఎప్పుడూ ఓ కట్ట ఉంటుంది. అచ్చు సరిగా పడనివి, ఎగ్జిబిషన్‌లో ఎవరూ కొననివి. సాయమనగానే చేయి ముందు ఆ కట్ట మీదికే పోతుంది. బొమ్మ గోడకెక్కాక కొన్నవాళ్ళు దాన్ని రోజూ చూస్తారు. ఎందుకు కొన్నారో గుర్తుచేయాల్సింది ఆ బొమ్మే. అది నాసిరకమైతే, సాయం చేశామన్న మాట ఒక్కటే మిగిలి బొమ్మ అటక మీదికి పోతుంది. అందుకే వీళ్ళ కోసమని కొత్తగా చెక్కాను.

ఏం చెక్కాలన్న దగ్గర చాలాసేపు మాటలు నడిచాయి. ఇంద్రధనుస్సు వేయమన్నారు ఒకరు. కన్నీళ్ళు పెట్టుకున్న ముఖం వేస్తే బాగా అమ్ముడుపోతుందన్నారు ఇంకొకరు. అమ్ముడుపోతుంది, నిజమే. సాయం కోసం వేసే బొమ్మల్లో సగం ఏడుపు ముఖాలే. నాకు ఆ పద్ధతి మీద కోపం. ఫీజు కట్టడానికి డబ్బిస్తాం సరే, దానికి బదులుగా ఆ పిల్ల ముఖాన్నీ, ఇంట్లో పడ్డ దెబ్బలనూ మన డ్రాయింగ్ రూముల్లో వేలాడదీస్తామా? హిజ్రా అయిన రేవతి తన జీవితాన్ని తానే పుస్తకంగా రాసుకున్నారు. పి. సత్యవతి దాన్ని ‘ఒక హిజ్రా ఆత్మకథ’గా తెలుగు చేశారు. 2019 సంవత్సరానికి కేంద్ర సాహిత్య అకాడెమీ అనువాద పురస్కారం ఆ పుస్తకానికి వచ్చింది. చెప్పాలని నిశ్చయించుకున్న మనిషి తన నోటితో చెప్పుకున్న కథ అది. సాయం కావాలంటే కథ చెప్పు అని పిల్లలను కూర్చోబెట్టి రాబట్టేది వేరు. అచ్చు కింద కుడి వైపు పెన్సిలుతో నా సంతకం ఉంటుంది, ఎడమ వైపు ఇది ఎన్నో ప్రతి అన్న అంకె ఉంటుంది. డబ్బు ఎవరికి చేరిందో కాగితం మీద ఎక్కడా ఉండదు. అడిగినా చెప్పం.

మరి దండెమే ఎందుకంటే, దానికొక పాత చట్టం కారణం. దాని సంగతి చెప్పేముందు అది ఎవరి మీద పడిందో చెప్పాలి.

కళాకారులు తమ పని ఇచ్చి ఇలాంటి పిల్లలను ఆదుకోవడం బయటి దేశాల నుంచి వచ్చిన అలవాటని కొందరు అనుకుంటారు. కానీ ఇంట్లోంచి గెంటేస్తే దిక్కులేక వచ్చిన పిల్లలను ఈ నగరంలో చేరదీసింది హిజ్రాల ఇళ్ళు. గురువు చేలాను దగ్గరకు తీసి అన్నం పెట్టేది, ఆటా పాటా నేర్పేది. పెళ్ళిళ్ళకూ పురుళ్ళకూ బధాయికి వెళ్ళి, చప్పట్లు కొట్టి పాడి తెచ్చిన డబ్బుతో ఆ ఇల్లు గడిచేది. అక్కడ అంతా చల్లగా ఉండేదని నేననను. గురువు మాటకు ఎదురు చెప్పే వీలుండదు, చేలా సంపాదనలో వాటా పోతుంది. అయినా తలుపు తీసిన ఇల్లు అదొక్కటే. తలుపు తీయగలిగింది పాట వల్ల.

ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో పుట్టింది. ఆ మరుసటేడే, 1919లో, అప్పటి లెక్కలో 1329 ఫస్లీలో, దాన్ని పెట్టిన నిజాం ప్రభుత్వమే యూనక్స్ చట్టం తెచ్చింది. హిజ్రాల పేర్లు, ఉనికి రిజిస్టరులో ఎక్కించాలంది. పేరెక్కినవాళ్ళు ఆడవాళ్ళ బట్టల్లో వీధిలో కనబడితే, బహిరంగంగా ఆడినా పాడినా, వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చంది. పదహారేళ్ళలోపు మగపిల్లవాడు వాళ్ళ ఇంట్లో ఉంటే దానికీ శిక్ష పెట్టింది. పాడి సంపాదించడం ఒక నేరం, వేసుకున్న బట్ట ఒక నేరం, పిల్లవాణ్ణి ఇంట్లో ఉంచుకోవడం ఇంకో నేరం. పాట, పిల్లలను చేరదీయడం అనే ఏ రెండు కాళ్ళ మీద ఆ ఇళ్ళు నిలబడ్డాయో సరిగ్గా ఆ రెంటినీ చూసి కొట్టారు. పిల్లలను కాపాడటానికే ఈ చట్టమన్నది అప్పటి వాదన. ఆ పిల్లలు ఏ ఇంట్లోంచి, ఎందుకు బయటపడ్డారని మాత్రం చట్టం అడగలేదు.

నిజాం పోయాడు, హైదరాబాద్ రాష్ట్రం పోయింది, ఆంధ్రప్రదేశ్ వచ్చింది, తెలంగాణ వచ్చింది. చట్టం పుస్తకాల్లో అలాగే ఉండిపోయింది. 2018లో ట్రాన్స్ హక్కుల కార్యకర్త వైజయంతి వసంత మొగ్లి, మరికొందరు కోర్టుకెక్కారు. అది రాజ్యాంగ విరుద్ధమని 2023 జులైలో తెలంగాణ హైకోర్టు కొట్టేసింది. తీర్పు గురించి చదువుతున్నంతసేపూ నాకు ఆ బట్టల మాటే మనసులో తిరిగింది. నూట నాలుగేళ్ళపాటు ఈ నేల మీద చున్నీ ఆరేసుకోవడం కూడా కొందరికి పోలీసులతో పని. చున్నీ పక్కన లుంగీ ఆరేస్తే ఏమవుతుంది? గాలికి రెండూ ఆరతాయి. ఆ గదిని చెక్కాలని అప్పుడే అనుకున్నాను.

పెద్ద చేతులు తమ కళను ఇతరుల కోసం ఇచ్చేసిన సందర్భాలు కొన్ని ఎప్పుడూ నా ముందుంటాయి. గిల్బర్ట్ బేకర్ 1978లో శాన్‌ఫ్రాన్సిస్కోలో స్నేహితులను కూడగట్టి గుడ్డకు చేత్తో రంగులద్ది మొదటి ఇంద్రధనుస్సు జెండాలు కుట్టాడు. అప్పుడు ఎనిమిది రంగులు. దాని మీద హక్కులు రాయించుకోనన్నాడు, కావాల్సినవాళ్ళు కుట్టుకోమన్నాడు. 2013 ఫిబ్రవరిలో మన నగరంలో తొలి ప్రైడ్ నడక జరిగినప్పుడు ఆ జెండా కోసం ఎవరి అనుమతీ అడగాల్సిన పని రాలేదు. కీత్ హేరింగ్ 1982లో అణ్వాయుధ వ్యతిరేక సభకు ఇరవై వేల పోస్టర్లు తన డబ్బుతో అచ్చు వేయించి ఊరికే పంచాడు. ఎయిడ్స్‌తో ముప్పై ఒకటో ఏట పోయేముందు, 1989లో, తన పేరిట ఫౌండేషన్ పెట్టి, బొమ్మల మీద వచ్చేది ఎయిడ్స్ సంస్థలకూ పిల్లలకూ చేరేలా చూశాడు. మనవైపు చూస్తే నాకు అందరికంటే దగ్గరివాడు చిత్తప్రసాద్. 1943 కరువులో బెంగాల్ పల్లెలు నడిచి బొమ్మలు గీసి ‘హంగ్రీ బెంగాల్’ వేస్తే తెల్లవాళ్ళు ప్రతులు పట్టుకుని తగలబెట్టారు. ఆయన లినో కూడా పట్టాడు. లినో చవక, ప్రెస్సు లేకపోయినా గరిటె వీపుతో రుద్ది అచ్చు తీయొచ్చు, ఒకటి పోతే ఇంకొకటి వస్తుంది. నేను లినో పట్టింది కూడా ఆయన బొమ్మలు చూసే.

ఇవ్వమని ఎవరిని అడగాలన్న దాని గురించి కూడా చెప్పాలి. ఇలాంటి పనికి బొమ్మ కావాలంటే అందరూ మొదట పరుగెత్తేది క్వీర్ ఆర్టిస్టుల దగ్గరికే. పోస్టరు వాళ్ళే వేయాలి, వేదిక మీద వాళ్ళే ఆడాలి, అంతా ఉచితంగా. నాట్యం నేర్చి డ్రాగ్‌లోకి వచ్చిన పట్రుని చిదానంద శాస్త్రి వంటివాళ్ళు ఈ ఊళ్ళో ఉన్నారు, వాళ్ళు చేసేది జీవితమంతా పెట్టి చేసే పని. దానికి టికెట్టు కొనండి. ఊరికే ఇవ్వాల్సింది నాలాంటివాళ్ళం, సొంత ఇల్లున్నవాళ్ళం, బొమ్మలు అమ్ముడుపోయేవాళ్ళం. గది అద్దెకు తడుముకుంటున్న కుర్ర ఆర్టిస్టు బొమ్మ ఇస్తానంటే కాగితం, ఇంకు ఖర్చు, వీలైతే కూలీ కూడా తీసి చేతిలో పెట్టాలి. చట్టాలు కూడా ఆర్టిస్టును పట్టించుకోవు. అమెరికాలో 1969 నుంచి, తాను వేసిన బొమ్మను దానమిచ్చిన ఆర్టిస్టుకు పన్నులో రాయితీ రంగులు, కాన్వాసు ఖర్చుకే. అదే బొమ్మను కొనుక్కున్న ధనవంతుడు దానం చేస్తే బజారు ధరంతా చూపించుకోవచ్చు. మన దగ్గర వస్తురూపంలో ఇచ్చిన దానానికి ఆదాయపు పన్నులో రాయితీయే లేదు. అలాంటప్పుడు ఇచ్చేవాళ్ళ చేతిలో ఏముందో చూసి అడగడమే న్యాయం.

ధర దగ్గర మాత్రం నేను మెత్తబడను. సాయం కోసమే కదా, కాస్త తగ్గించండి అని కొనేవాళ్ళు అంటారు. మామూలుగా ఎంతకు అమ్ముతానో అంతే. తగ్గించిన ప్రతి వంద రూపాయలూ ఎవరి అడ్వాన్సులోంచో పోతాయి.

ఇక మిగిలింది బ్లాకు సంగతి. ఎడిషన్ అయిపోగానే బ్లాకు మీద అడ్డంగా గీత కోసేయడం ఆనవాయితీ. ఇంకో అచ్చు రాదని తెలిస్తేనే కొన్నవాళ్ళ ప్రతులకు విలువ. ఈసారి గీత కోయలేదు. సంతకం చేసి అంకె వేసినవి అంతవరకే, అవి కొన్నవాళ్ళకు నేనిచ్చిన మాట నిలబడుతుంది. బ్లాకు, ఒక రోలరు, రుద్దడానికి గరిటె ఆ విద్యార్థుల చేతికిచ్చాను. వాళ్ళు చవక కాగితం మీద, సంతకం లేకుండా, అంకె లేకుండా ఎన్నయినా తీసుకోవచ్చు. తీయడం నేర్పాను కూడా. మొదటి రోజు ఇంకు ఎక్కువ పట్టించి తాడు రెండు వైపులా మూసుకుపోయేలా చేశారు, రెండో కాగితానికే సర్దుకున్నారు. పండగ సెలవుల్లో ఇంటికి పోలేని ఇద్దరు ముగ్గురు ఆ పని తమదే అంటున్నారు. నల్ల ఇంకు అయిపోవచ్చింది, కోఠి వైపు ఎవరు పోతే వాళ్ళు ఒక డబ్బా తేవాలి.