అరచేతి దీవులకు వైద్యము

ఏడాదిలో అధికభాగము ఇసుకయే ప్రవాహమై కనిపించు పాలారు ఒడ్డున వేలూరులోను, అగ్గిపెట్టెలకును లుంగీలకును పేరొందిన గుడియాత్తములోను, సెల్‌ఫోనులు బాగుచేయు చిన్న బల్లల వెనుక కూర్చుండు పనివారి చేతికి ఎప్పుడైన నొక పాత వీడియో గేము వచ్చినచో, సముద్రమును తాళజాతి వృక్షమును గల యొక తీరము వారి భూతద్దము క్రింద ప్రత్యక్షమగును. గున్‌పెయ్ యొకోయి రూపొందించిన గేమ్ అండ్ వాచ్ అను చేతియాటల శ్రేణిలో 1981లో వెలువడిన ‘పారాచూట్’ అట్టిది: హెలికాప్టరునుండి దిగువారిని పడవతో పట్టుకొనవలెను, తప్పినచో సొరచేపల పాలు, కఠినతరమైన రెండవ ఆటలో చెట్టుమట్టకు చిక్కి వ్రేలాడువారును కలరు.

బ్యాటరీ కారి చిలుము పట్టిన లోహపురేకులను వెనిగరుతో తుడిచి, తెరకును సర్క్యూటు పలకకును నడుమ విద్యుత్తును మోయు రబ్బరుపట్టీని ఆల్కహాలుతో శుభ్రపరచి, వెలిసిన పోలరైజరు పొరను ఒలిచి క్రొత్తదానిని సరియైన కోణమున అతికించు నేర్పు, నా దృష్టిలో, ఆటను కల్పించినవాని నేర్పునకు తీసిపోవునది కాదు. ఆ పొర 90 డిగ్రీలు తిరిగినచో వెలుగుచీకట్లు తారుమారగును. 1989 నాటి గేమ్ బాయ్ అను చేతియాట యంత్రపు తెరపై నిలువుగీతలు లోపించినపుడు అంచుపట్టీపై సోల్డరింగు ఇనుమును మెల్లగా నడుపుట మరింత సాహసము.

1993 నాటి ‘లింక్స్ అవేకెనింగ్’ అను గేమ్ బాయ్ ఆట క్యాసెట్టులో నాణెపు బ్యాటరీ మార్చినచో పూర్వపు ఆటగాడు దాచుకొన్నదంతయు చెరిగిపోవును గనుక, ఆ ఆటలోని కోహోలింట్ దీవిని మరల మొదటినుండి నడచి చూడవలసినదే. ప్రతి మీటను నొక్కి, శబ్దము విని, పరీక్షార్థమను పేర కొంత ఎక్కువసేపే ఆడు పనివాడు ఆ కాలమునకు కూలి అడుగడు.