గీత కుదిరినంత మాత్రాన

అంటువ్యాధి వ్యాప్తికి గణిత నమూనా కట్టడమంటే, ఒక జనసమూహాన్ని వ్యాధి ఇంకా సోకనివారు, సోకి ఇతరులకు అంటించగలవారు, కోలుకునో మరణించో వ్యాప్తి నుంచి తొలగిపోయినవారు అనే వర్గాలుగా విడదీసి, మనుషులు ఒక వర్గం నుంచి మరొక వర్గంలోకి ఎంత వేగంగా మారుతున్నారో సమీకరణాల్లో చెప్పడం. ఇంగ్లీషు పేర్ల తొలి అక్షరాలతో ఎస్.ఐ.ఆర్. అని పిలిచే ఈ ప్రాథమిక నమూనాలో ఉండేవి మూడే అవకలన సమీకరణాలు, అంటే ఒక రాశి కాలంతోపాటు ఏ రేటున మారుతుందో చెప్పేవి. కలనగణితం చదివిన విద్యార్థికి వాటిని ఒక పూటలో నేర్పవచ్చు, కంప్యూటర్ చేత గీత గీయించడానికి మరో పూట చాలు. పరిశోధకులను తీర్చిదిద్దడంలోని అసలు కష్టం ఆ తర్వాత ఎదురవుతుంది. గీసిన గీత వాస్తవ గణాంకాల మీద చక్కగా కుదిరినప్పుడు దాన్ని ఎంతవరకు నమ్మాలన్నది ఏ సమీకరణమూ చెప్పదు.

ఈ సంగతి నేర్పడానికి ఆ నమూనాకు మూలమైన 1927 నాటి పరిశోధనాపత్రాన్నే విద్యార్థుల చేత పూర్తిగా చదివించడం మేలు. దాన్ని రాసిన ఇద్దరిలో ఆండర్సన్ మెకెండ్రిక్ ఇండియన్ మెడికల్ సర్వీసులో వైద్యుడిగా ఈ దేశంలో ఏళ్ల తరబడి పనిచేసి ఎడిన్‌బరో చేరినవాడు. విలియం కెర్మాక్ అక్కడి ప్రయోగశాలలో రసాయన శాస్త్రవేత్త. వారు ఉదాహరణగా తీసుకున్నది 1905 డిసెంబరు నుంచి 1906 జూలై వరకు బొంబాయిలో ప్లేగుతో వారంవారం నమోదైన మరణాల సంఖ్య. పదిహేడో వారం దగ్గర 890 మరణాలతో శిఖరానికి చేరి, ఎక్కినంత నునుపుగా దిగిపోయే వారి గీత ఆ మరణాల బిందువులను దాదాపు తాకుతూ సాగుతుంది. ఆ బొమ్మ తర్వాతి కాలపు పాఠ్యగ్రంథాల్లో ఎన్నోసార్లు పునర్ముద్రణ పొంది, నమూనా సత్యానికి సాక్ష్యంగా నిలిచిపోయింది.

అయితే బొమ్మతో పాటు రచయితలు రాసిన మాటలు అంత దూరం ప్రయాణించలేదు. ప్లేగు ప్రధానంగా ఎలుకల వ్యాధి. ఎలుకల ఒంటి మీద బతికే ఫ్లీ అనే రెక్కలు లేని చిన్న పురుగు దాన్ని మనిషికి చేరుస్తుంది. మనుషుల్లో ప్లేగు ఎలుకల్లోని ప్లేగుకు ప్రతిబింబమనీ, నగరంలోని ప్రతి ఎలుకకూ వ్యాధి సోకే అవకాశం సమానమనీ, వ్యాధి అంటుకునే రేటు, కోలుకునే రేటు, చనిపోయే రేటు ఆ నెలలన్నిటా స్థిరంగా ఉన్నాయనీ తాము అనుకున్నామని వారు విడమరిచి రాశారు. వీటిలో ఏదీ కచ్చితంగా నిజం కాదని ఒప్పుకుని, ఆ గీత నుంచి స్థిరాంకాల విలువలను రాబట్టవద్దని హెచ్చరించారు. 1924లో ప్రయోగశాల ప్రమాదంలో చూపు పూర్తిగా కోల్పోయిన కెర్మాక్, అంత అందంగా కుదిరిన ఆ గీతను కంటితో చూడనే లేదు. వారి హెచ్చరిక ఎంత అవసరమైనదో 2012లో ఫ్రెంచి గణితవేత్త నికొలా బకేర్ అవే గణాంకాలను తిరిగి పరిశీలించి చూపాడు: బొంబాయిలో ప్లేగు ఏటా ఒకే ఋతువులో పెరిగి తగ్గుతూ ఉండేది కాబట్టి, 1906లో అది తగ్గడానికి ఋతువును లెక్కలోకి తీసుకోని నమూనా చెప్పే కారణం, అంటే సోకనివారు తరిగిపోవడం, నిలవదు. అదే గీతను వేరే కారణం కూడా గీయగలదని గ్రహించిన రోజునే విద్యార్థికి ఈ విద్యలో అక్షరాభ్యాసం జరిగినట్టు.

గణాంకాలు ఎలా పుడతాయో ఎరుగని చోట ఈ గ్రహింపు కలగడం కష్టం. దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్‌కు దగ్గరలోని మ్యూజెన్‌బర్గ్‌లో, 2003లో నెలకొన్న ఆఫ్రికన్ గణితశాస్త్రాల సంస్థలో, నమూనాలను గణాంకాలతో అర్థవంతంగా ముడిపెట్టడం నేర్పే శిక్షణ శిబిరం నిర్వాహకులు ఇందుకొక చక్కని ఉపాయం కనిపెట్టారు. 'మ్యూజెన్‌బర్గ్ గణిత జ్వరం' అనే కల్పిత వ్యాధిని శిబిరంలోనే పుట్టించారు: ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి కాగితం అందడమే సోకడం, అందుకున్నవారు ఆ సంగతి నమోదు చేసి తామూ ఇతరులకు అంటించాలి. ఆ తర్వాత విద్యార్థులు నమూనా కట్టవలసింది తమ మధ్య నడిచిన ఆ వ్యాధికే. వివరాలు నమోదు చేయడం ఎవరైనా మరిచిపోతే లెక్క ఎలా వంకరపోతుందో, ఆలస్యంగా నింపిన కాగితం వ్యాధి తగ్గుతున్నట్టు ఎలా భ్రమింపజేస్తుందో ఉపన్యాసం వినడం కన్నా ఇలా తమ చేతుల మీదుగా జరిగితేనే గట్టిగా మనసుకు పడుతుంది. గణితం చదివినవారినీ ప్రజారోగ్యంలో పనిచేసేవారినీ ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టడం కూడా ఇలాంటి శిక్షణకు ప్రాణం, ఎందుకంటే మొదటివారికి సమీకరణం తెలుసు, రెండోవారికి రిజిస్టరులో ఖాళీగా మిగిలిన గడి వెనుక ఏం జరిగి ఉంటుందో తెలుసు.

నమూనా వాస్తవం నుంచి దూరమవుతుందన్న భయంతో దాన్ని కాదనుకోవడం మరో పొరపాటు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొన్న రోనాల్డ్ రాస్, దోమలన్నిటినీ చంపనక్కర్లేదనీ, వాటి సంఖ్య ఒక హద్దుకు దిగువన ఉంటే మలేరియా దానంతటదే ఆగిపోతుందనీ లెక్కకట్టి చూపాడు. దాన్ని 1950లలో జార్జ్ మెక్‌డొనాల్డ్ ముందుకు తీసుకెళ్లాడు. దోమ కడుపులో చేరిన పరాన్నజీవి మనిషికి అంటుకోగల దశకు రావడానికి వెచ్చని వాతావరణంలో సుమారు పది రోజులు పడుతుంది. ఒక దోమ మరునాటికి బతికి ఉండే అవకాశం 0.9 అయితే నూరు దోమల్లో పది రోజుల తర్వాత 35 మిగులుతాయి; ఆ అవకాశం 0.8కి తగ్గితే మిగిలేవి 11 మాత్రమే. గోడల మీద వాలే ఎదిగిన దోమల ఆయుష్షును మందు చల్లి కొద్దిగా తగ్గించినా ఫలితం అంత ఎక్కువగా ఎందుకుంటుందో ఈ చిన్న గుణకారం చెబుతుంది. విద్యార్థి చేత దీన్ని కాగితం మీద చేయించాలి.

చేయించిన తర్వాత, ఆ 0.9 ఎక్కడి నుంచి వచ్చిందని అడగాలి. పట్టిన దోమలను ఒక్కొక్కటిగా కోసి, అండాశయాల్లోని సన్నని గాలిగొట్టాల చుట్టలు విప్పుకుని ఉన్నాయో లేదో సూక్ష్మదర్శినిలో చూస్తే, ఆ దోమ అదివరకే గుడ్లు పెట్టినదా కాదా అని తెలుస్తుంది. గుడ్లు పెట్టినవాటి నిష్పత్తి నుంచి బతికే అవకాశాన్ని లెక్కిస్తారు. ఆ అంకెను తన సమీకరణంలో రాసుకునే ముందు పరిశోధకుడు కనీసం ఒక పగలు ఆ సూక్ష్మదర్శిని పక్కన కూర్చుని, తన చేతులతో నాలుగు దోమలను కోసి చూడాలి.