మోటారు ఎన్ని హెచ్‌పీ?

బోరు వేయించిన రైతుకు ఊళ్లో రెండు ప్రశ్నలు తప్పవు. ఎన్ని అడుగుల్లో నీళ్లు పడ్డాయి? మోటారు ఎన్ని హెచ్‌పీ? బళ్లో చెప్పే భౌతికశాస్త్రం చాలావరకు ఈ రెండింట్లోనే ఉంది. మొదటిది పని సంగతి, రెండోది సామర్థ్యం సంగతి.

మోట తోలిన కాలంలో ఈ తేడా కళ్లకు కనిపించేది. 150 లీటర్ల నీళ్లు పట్టే మోటను 10 మీటర్ల లోతు నుంచి పైకి లాగితే జరిగిన పని 14,700 జౌళ్లు. ఎడ్లు వాలులో దిగుతూ మోకు లాగడానికి అర నిమిషం పట్టిందనుకుంటే, సామర్థ్యం 490 వాట్లు. ఒక హెచ్‌పీ అంటే 746 వాట్లు కాబట్టి జోడెడ్లు ముప్పాతిక హెచ్‌పీకి కూడా చేరలేదు. అదే మోటెడు నీళ్లను 5 హెచ్‌పీ మోటారు, నష్టాలు పక్కనపెడితే, నాలుగు సెకన్లలో ఎత్తిపోస్తుంది. పని అంతే, తగ్గింది సమయం. (నిండు మోటను పట్టుకుని ఎడ్లు కదలకుండా నిలబడితే శాస్త్రం లెక్కలో పని సున్నా. ఎడ్లు ఒప్పుకోకపోవచ్చు.)

హార్స్‌పవర్ లెక్కను ప్రచారంలోకి తెచ్చినవాడు జేమ్స్ వాట్. 33,000 పౌండ్ల బరువును నిమిషంలో ఒక అడుగు ఎత్తడం ఒక గుర్రం సత్తా అన్నాడు. ఆవిరి యంత్రం అమ్ముకోవడానికి కట్టిన లెక్క అది. గుర్రం అడుగుపెట్టని మడిచెక్కల్లో నేటికీ నడుస్తోంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కరెంటు బిల్లూ దాని మీదే నడిచింది. 1980లలో వ్యవసాయ మోటారుకు హెచ్‌పీకి ఏడాదికి 50 రూపాయల చొప్పున కట్టించుకున్నారు. అంటే డబ్బు వాడుకున్న శక్తికి కాదు, మోటారు సామర్థ్యానికి. గంట నడిపినా రోజంతా నడిపినా బిల్లు ఒకటే.

2004లో ఉచిత విద్యుత్ వచ్చింది, సరఫరా మాత్రం రోజుకు ఏడు గంటలే. శక్తి అంటే సామర్థ్యాన్ని సమయంతో గుణించినంత. సమయం తన చేతిలో లేనప్పుడు రైతు పెంచుకోగలిగింది హెచ్‌పీనే. 3 తీసి 5, 5 తీసి 7.5 బిగించడాన్ని దురాశ అనడం తేలికే గానీ, లెక్క మాత్రం రైతుదే సరైనది.

బోరుకు ఆ లెక్క పట్టదు. ఊట ఎంతో నీళ్లూ అంతే. మోటారు పెద్దదైతే ముందే గాలి లాగుతుంది. ఇక లోతు సంగతి. ఒక యూనిట్ కరెంటు 10 మీటర్ల లోతు నుంచి మహా అయితే 36,700 లీటర్లు ఎత్తగలదు, 100 మీటర్ల నుంచి 3,670 మాత్రమే. పంపులోనూ పైపుల్లోనూ పోయేది పోగా మడికి చేరేది ఇంకా తక్కువ.